క్యాలెండరు బొమ్మ కళ కాదందురా?

ఇటీవల ఒక సదస్సునందు, చిత్రకళావిమర్శకులుగా పేరుపొందిన పెద్దలొకరు ‘మాయాబజార్’ చలనచిత్రములోని శ్రీకృష్ణుని ప్రస్తావన తెచ్చి, అది క్యాలెండరు బొమ్మకు ప్రాణము వచ్చినట్లున్నదనియు, అంతకు మించి అందు కళ యేమియు లేదనియు సెలవిచ్చిరి. సభ యావత్తును చప్పట్లు చఱచినది. కళాచరిత్రను అభ్యసించుచున్న నాకు ఆ మాటకంటె ఆ చప్పట్లు ఎక్కువ బాధ కలిగించినవి. ఏలయన, ఆ మాట ఆయన యొక్కరిదే కాదు. ఉత్తమకళ యనునది చిత్రశాలలలో మాత్రమే పుట్టుననియు, సినిమా, పత్రికల ముఖచిత్రము, క్యాలెండరు మొదలైనవి దాని క్షీణించిన ప్రతిధ్వనులేననియు మాకు ప్రతిదినము బోధింపబడుచున్న సిద్ధాంతమునకు అది సంగ్రహరూపము. ఈ సిద్ధాంతము అసత్యము. అసత్యమగుటయే కాదు, అన్యాయము కూడ.

దేవతల అచ్చుబొమ్మలను ఇంటింటికి పంపిన రాజా రవివర్మను నిందించుట మన విమర్శకులకు నూఱేండ్ల అలవాటు. ఆయన చిత్రములలో నాటకీయత యున్నదని ఆనంద కుమారస్వామి ఆక్షేపించెను. సోదరి నివేదితయు వానిని నిరసించెను. బెంగాలు నవ్యచిత్రకారులను మెచ్చినవారందఱు ఆ నిరసనను పిత్రార్జితముగా స్వీకరించిరి. నేటి ఉపాధ్యాయులు దానిని పరీక్షింపకయే మాకు అప్పగించుచున్నారు. నాటకరంగమునుండి చిత్రకారుడు గ్రహించుట దోషమగునెడల, నాట్యశాస్త్రములోని నూటయెనిమిది కరణములను చిదంబరము గోపురములపై మలచిన శిల్పులును దోషులే కావలెను. వారిని నిందించిన విమర్శకుని నేనింతవఱకు చూడలేదు. ప్రాచీనుడు గ్రహించిన సంప్రదాయమనియు, ఆధునికుడు గ్రహించిన అనుకరణమనియు తీర్పు చెప్పు ఈ న్యాయము ఎక్కడి న్యాయము?

రవివర్మ కార్యమును పరికింపుడు. తిరువాన్కూరు సంస్థానములోని కిళిమానూరున 1848లో జన్మించి, రాజాస్థానములకు తైలవర్ణచిత్రములు వ్రాసి కీర్తి గడించినవాడు, 1894లో బొంబాయిలో ముద్రణాలయమును నెలకొల్పి, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క ఱాతిపలకను సిద్ధపఱపించి, ఒకే కాగితముపై ఆ రంగులనన్నింటిని వరుసగా అద్దించి, లక్ష్మీసరస్వతులను సామాన్యుడు కొనగల వెలకు ఇంటింటికి పంపెను. ఆ తిరువాన్కూరులోనే, ఏ జాతులవారిని గుడివాకిట నిలిపివేసిరో ఆ జాతులవారికి ప్రభుత్వాలయములలో ప్రవేశమొసగుచు మహారాజు శాసనము వెలువరించినది 1936లో. అనగా గుడి తలుపు తెఱచుకొనుటకు నలువదిరెండేండ్లకు పూర్వమే, పూజారి యనుమతితో పనిలేకుండ, దేవీదర్శనమును ఎవ్వని గోడమీదనైనను సాధ్యము చేసినది ఈ తుచ్ఛమని చెప్పబడుచున్న అచ్చుబొమ్మ. ఇది కళాచరిత్ర కాదా? ఒక ప్రతిమను ఎవరు చూడవచ్చును, ఎవరు చూడరాదు అను ప్రశ్న కళాచరిత్రకు సంబంధింపనిచో, ఆ చరిత్ర రాజుల కొలువులలో గోడలకు వ్రేలాడిన పటముల జాబితా మాత్రమే యగును.

ఆ ముద్రణాలయము పిమ్మట లోనావలా సమీపమునకు తరలినది. ఆ ముద్రణాలయముకొఱకే చిత్రముద్రణపు పని చేసినవాడు దాదాసాహెబ్ ఫాల్కే. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను తీసినవాడును ఆయనయే. ఆయన ‘లంకాదహనము’లో రాముడు తెఱపై కనబడినంతనే ప్రేక్షకులు సాగిలపడి మ్రొక్కిరని చలనచిత్రచరిత్రకారులు వ్రాసియున్నారు. ఱాతిపలకపై రంగులద్దిన చేయియే కెమెరా పిడిని త్రిప్పినపుడు, చిత్రలేఖనచరిత్ర యిక్కడ ముగిసినది, వినోదము అక్కడ మొదలైనది అని గీత గీయుటకు ఎవరికి అధికారమున్నది?

ఇక ‘మాయాబజార్’ సంగతి. 1957లో విడుదలైన ఆ చిత్రమునకు కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ అనువారు. గోఖలే స్వయముగా చిత్రకారుడు, కథకుడు. ద్వారకానగరమును, ఘటోత్కచుని ఆశ్రమమును రూపించినవారు క్యాలెండరు జూచి నకలు వ్రాసికొన్నవారు కారు. అచ్చుబొమ్మలు, నాటకరంగము, గుడిశిల్పము మూడును తెలుగువారి కన్నులకు నేర్పిన దేవతారూపమును, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెలుగునీడలలో నడచునట్లు, నవ్వునట్లు చేసినవారు. మఱి మూడేండ్లకు ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము’ వచ్చిన పిమ్మట, తిరుపతి యాత్ర ముగించుకొని అందు ఆ దేవుని పాత్ర ధరించిన నందమూరి తారక రామారావు మదరాసు ఇంటిముందు నిలిచిన జనుల సంగతి మన పెద్దలెఱుగనిది కాదు. ఆ జనులను మూఢులనుట సులభము. ఒక ప్రతిమ అంత బలముతో మనస్సులనేలుటకు కారణమేమో వివరించుట కష్టము. కష్టమైన పనిని విడిచి సులభమైన పనిని చేసినవారిని విమర్శకులని నేను పిలువజాలను.

ఇదే పెద్దలు ఆండీ వార్హాల్ పేరెత్తగనే వినయముతో తలవంతురు. 1963లో ఆయన మోనాలీసాను ఒకే పటముమీద ముప్పదిమార్లు అచ్చొత్తెను. అది వినియోగసంస్కృతిపై తాత్త్వికవ్యాఖ్యయని మాకు గంటలకొలది వ్యాఖ్యానించిరి. అంతకు ముందే, 1919లో, మార్సెల్ దుషాన్ అదే మోనాలీసాకు మీసములు గీసిన, అది విప్లవమైనది. న్యూయార్కులో అచ్చొత్తిన పటమునకు తత్త్వమును, లోనావలాలో అచ్చొత్తిన పటమునకు తుచ్ఛతను అంటగట్టు విమర్శ పరాయిదేశపు ముద్రకై చేయి చాచు విమర్శ. వ్యాపారము కలిసినది కళ కాదందురా, జీతము పుచ్చుకొనని ఆస్థానచిత్రకారుడెవరో చూపుడు. నా సహాధ్యాయులు కొందఱు ఈ సినిమాలోని దృశ్యమునకు ఆ చిత్రపటము మూలమని జంటలు కూర్చి, మూలము దొరకినదని తృప్తినొంది ఊరకుందురు. అదియు చిత్రశాల మూలము, సినిమా ప్రతిధ్వని యను ఆ సిద్ధాంతమునకు ఊడిగము చేయుటయే.

నా మనస్సును ఎక్కువగా మండించునది మఱియొకటి కలదు. శ్రీకాకుళమున 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యగారు ‘చందమామ’కు, ‘యువ’కు దశాబ్దములపాటు ముఖచిత్రములు వ్రాసిరి. ఆ అట్టలను జాగ్రత్తగా చించి పటములు కట్టించుకొనిన తెలుగిండ్లు ఎన్నియో. చిత్రశాల గడప త్రొక్కనివారికి వర్ణమేళనమనిన నేమో, పురాణనాయికల దేహములలో లయయనిన నేమో నేర్పినది ఆ రెండక్షరముల ‘వ.పా.’ సంతకము. మా పాఠ్యప్రణాళికలో ఆయన పేరు లేదు! ఫ్లారెన్సునగరపు చిత్రకారుల శిష్యపరంపరను తప్పులేక ఒప్పజెప్పగల విద్యార్థికి వ.పా. ఎవరో తెలియదు. చేర్యాల నకాషీల పటములనైన నేడు గౌరవించుచున్నారు, కాని అవియు కులపురాణములు చెప్పువారు ఊరూర విప్పి చూపిన జనరంజకచిత్రములే గదా! నూఱేండ్లు గడచి, కొనువారు కరవైన పిమ్మట గాని ఒక చిత్రమునకు మన పండితుల గౌరవము దక్కదేమో.

ఏమి చేయవలెనని యడుగుదురు. పూర్తి ప్రణాళిక నాయొద్ద సిద్ధముగా లేదు. చిత్రకారుడు దామెర్ల రామారావు ప్రక్కన వ.పా.ను, రవివర్మ తైలచిత్రము ప్రక్కన దాని అచ్చుప్రతిని, ఆ అచ్చుప్రతి ప్రక్కన ఫాల్కేను, గోఖలేను ఉంచి పాఠము చెప్పవలెను. ఏ పటము ఏ యంత్రమున అచ్చయి, ఎవరి చేతులమీదుగా ఏ సంతకు పోయి, ఏ గోడనెక్కినదో విద్యార్థిచేత వెదకింపవలెను. తక్కినది చేయుచుండగా తేలును. ఇవి యన్నియు క్షీణించిన ప్రతిధ్వనులని మాచేత వల్లెవేయించు బోధనను మాత్రము నేను అంగీకరింపను. పరీక్షపత్రమున ఆ ప్రశ్న వచ్చినను ఇదే వ్రాయుదును.