ఆ సరస్వతి టీచర్ మా బడికి ఎన్నడూ రాలేదు



ఈసారి హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా. ఆదివారం జరిగిన ఒక సంగతి ముందు చెప్పాలి.

విదేశాల్లో పీజీ చదవాలనుకుంటున్న మన పిల్లలు నలుగురితో, ప్రతి ఆదివారం ఒక ఎస్సీ హాస్టల్ గదిలో ఇంగ్లిష్ మాట్లాడే పరీక్షకు ప్రాక్టీస్ చేయిస్తున్నాం. నేను తెలుగు లెక్చరర్‌ని. నా ఇంగ్లిష్ గొప్పదేం కాదు. కానీ ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగే మనిషి ఒకరు కావాలి కదా. ఆ కుర్చీ నాకిచ్చారు.

పరీక్ష పేరు ఐఈఎల్‌టీఎస్. ఫీజు వేలల్లోనే. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు సాయం వస్తుంది గానీ, దానికీ ఇలాంటి పరీక్షలో మార్కు ఉండాలి. అంటే మన పిల్లలకు ఇది పరీక్ష కాదు, గేటు. అందులో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలు. మధ్యలో చేతికి ఒక కార్డు ఇస్తారు. నోట్సు రాసుకోవడానికి ఒక నిమిషం. తర్వాత రెండు నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడాలి.

ఆదివారం నేను ఇచ్చిన కార్డు ఇది: ప్రాథమిక పాఠశాల రోజుల్లో నువ్వు అభిమానించిన ఒక వ్యక్తి గురించి చెప్పు. ఎవరు, ఎలా తెలుసు, ఏం చేసేవారు, ఎందుకు అభిమానించావు.

మొదటి అబ్బాయి సరస్వతి టీచర్ గురించి చెప్పాడు. కళ్లజోడు, నూలు చీర, మెత్తని గొంతు. నీతి కథలు చెప్పేది. రెండో తల్లి లాంటిది.

రెండో అబ్బాయికి శారద టీచర్. కళ్లజోడు, నూలు చీర, మెత్తని గొంతు. రెండో తల్లి.

మూడో అమ్మాయి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. ఆమెది నల్గొండ వైపు పల్లె. మళ్లీ సరస్వతి టీచరే. నిమిషంన్నర గడగడా చెప్పింది, ఒక్క తప్పు లేదు. పరీక్షలో ఇట్లాంటప్పుడు చివర్లో ఒకటి రెండు చిన్న ప్రశ్నలు అడుగుతారు. నేనూ అడిగాను, "ఇప్పటికీ ఆమెతో మాట్లాడుతుంటావా?" అని.

ఆ అమ్మాయి ఆగిపోయింది. నా మొహం చూసింది, కార్డు చూసింది. ఇంగ్లిష్ రాక కాదు. ఆ ప్రశ్నకు జవాబు నోట్సులో లేదు.

"సరస్వతి టీచర్ ఎవరమ్మా?" అన్నాను తెలుగులో.

"ఎవరు లేరు సార్. కోచింగ్‌ల ఇచ్చిన నోట్సు."

"మరి నిజంగా నీకు నచ్చినవాళ్లు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మా బడిల సార్లు మమ్ముల ముట్టుకునేటోళ్లు కాదు సార్. నోట్‌బుక్కు దిద్ది బల్ల మీద పడేసేటోళ్లు. ఇగ ఎవర్ని చెప్పాలె? మా పెద్దమ్మ ఉండె గానీ... ఆమె టీచర్ కాదు. బడిల అన్నం వండేది."

మరి పెద్దమ్మ గురించే చెప్పొచ్చు కదా అన్నాను. కోచింగ్‌లో అదే అడిగిందట. "వంటామె గురించి చెప్తే లెవెల్ తగ్గుతుంది. కులం గొడవ వాళ్లకు అర్థం కాదు. టీచర్‌నే చెప్పు" అన్నారట అక్కడి సారు.

ఈ భాగం ఆ ఒక్క మాట మీదే.

ముందు లెవెల్ సంగతి. మాట్లాడే పరీక్షకు మార్కులు నాలుగింటికి వేస్తారు. ధారాళంగా, పొందికగా చెప్తున్నావా. ఎన్ని రకాల మాటలు వాడగలవు. వాక్యాలు ఎంత వైవిధ్యంగా, ఎంత సరిగ్గా ఉన్నాయి. ఉచ్చారణ. నాలుగింటికీ సమాన వాటా. నువ్వు అభిమానించిన మనిషి ఉద్యోగం ఏమిటి, జీతమెంత, ఏ చీర కట్టింది అనేదానికి మార్కుల్లేవు. పైగా బట్టీ పట్టిన జవాబును గుర్తుపట్టేలా పరీక్షకులకు శిక్షణ ఇస్తారు. అంటే వంటామెను చెప్తే లెవెల్ తగ్గుతుందన్న రూలు పరీక్ష పెట్టింది కాదు. మనవాళ్లే, మన ఊళ్ల నుంచి తెచ్చి ఆ పరీక్ష మీద పెట్టారు.

ఇక్కడ కొందరు తెలివైనవాళ్లు అంటారు: "నిజం చెప్పాలని రూలు కూడా లేదు కదా? మార్కు వస్తే చాలు, అబద్ధమైతే ఏం?" నిజమే. పరీక్షకుడు మన ఊరికి వచ్చి సరస్వతి టీచర్ ఉందో లేదో చూడడు. కానీ ఆ నోట్సులోని సరస్వతి టీచర్ ఎవరి బడి నుంచి వచ్చింది? ఎవరి పిల్లల తల మీద చెయ్యి పెట్టి రెండో తల్లి అయింది? అలాంటి టీచర్ చేతిలో చదివిన పిల్ల ఆ కార్డు చూసి గుర్తు తెచ్చుకుంటే చాలు. మన పిల్ల మాత్రం తనది దాచిపెట్టి, ఇంకొకరి చిన్నతనాన్ని బట్టీ పట్టాలి. ఒకరికి జ్ఞాపకం, ఒకరికి కంఠస్థం. ఒకే కార్డు, ఒకే రెండు నిమిషాలు. మళ్లీ దీన్నే ప్రతిభ అంటారు.

ఇప్పుడు ఆ పెద్దమ్మ గురించి చెప్తాను. ఆ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నా.

సర్కారు బడుల్లో పిల్లలకు వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2003లో మొదలైంది. వంటవాళ్లుగా దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు మరో ఆదేశం ఇచ్చింది. కాగితం మీద ఆ ఆదేశం ఒక్క వాక్యం. ఊళ్లో దాన్ని ప్రతి మధ్యాహ్నం పొయ్యి దగ్గర అమలు చేయాల్సింది ఈ పెద్దమ్మలే.

ఈమె వంటకు కుదిరినప్పుడు మన పిల్ల మూడో తరగతి. వారం తిరగకముందే ఊళ్లో పెద్దింటి పిల్లలు డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. "నువ్వు గిన్నెలు తోము, వంట ఇంకొకామె చేస్తది, జీతం నీకే" అని నచ్చజెప్పాడట పెద్ద సారు. పెద్దమ్మ అందట: "వండితే నేనే వండుత సారూ. లేకుంటే గిన్నెలు గూడ తోమ."

వండింది. పప్పుకు, నూనెకు బిల్లు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్లో ఖాతా పెట్టింది. ఖాతా పెరిగి కొట్టతను ఇవ్వనంటే చెవుల కమ్మలు కుదువబెట్టింది. 2009 చివర్లో కేంద్రం వంటవాళ్లకు నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలే. దాన్ని జీతం అనరు చూడండి, గౌరవ వేతనం అంటారు. గౌరవం ఎంతిచ్చారో డబ్బాలు చెప్తున్నాయి.

ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది, అది విన్నాక గదిలో ఎవరం మాట్లాడలేకపోయాం. పెద్దమ్మ రోజూ హాజరు పట్టీలో ఉన్న పిల్లలందరి లెక్కా వేసి బియ్యం పోసేదట. డబ్బాలు తెచ్చుకునేవాళ్లను కూడా కలిపి. గుడ్డు రోజున వాళ్ల గుడ్లు విడిగా ఒక గిన్నెలో మూత పెట్టి, బెల్లు కొట్టేదాకా ఉంచేది. ఎందుకంటే, "ఆకలైతే వస్తరేమో బిడ్డా, పిల్లలేగా" అనేదట. కొందరు వచ్చారు. కొందరు అయిదో తరగతి దాకా రాలేదు.

ఇప్పుడు చెప్పండి. ఈమె గురించి రెండు నిమిషాలు మాట్లాడలేమా? ఎవరు, ఎలా తెలుసు, ఏం చేసేది, ఎందుకు అభిమానించావు: కార్డు అడిగిన నాలుగింటికీ ఇంతకంటే నిండైన జవాబు ఏ నోట్సులో ఉంది?

"కులం వాళ్లకు అర్థం కాదు" అన్న మాట మిగిలింది. బాబాసాహెబ్ 1935-36 ప్రాంతంలో 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' రాశాడు. ఇంగ్లిష్‌లోనే రాశాడు. అంటరానితనం పక్కన బతకని విదేశీయులకు అది ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి, తన జీవితంలోంచి, మనవాళ్ల జీవితాల్లోంచి సంఘటనలు తీసి చెప్పాడు. వాటిలో ఒకటి బడి సంగతే. దాహమైతే తనకు తానుగా కొళాయి తిప్పకూడదు, బంట్రోతు వచ్చి తిప్పాలి. కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. "ఇది వాళ్లకు అర్థం కాదు, లెవెల్ తగ్గుతుంది" అని ఆయన అనుకుని ఉంటే?

అంతకు 80 ఏళ్ల ముందు, 1855లో, పుణేలో ఫూలే దంపతుల బడిలో చదువుతున్న ముక్తాబాయి అనే మాంగ్ కులపు అమ్మాయి, సుమారు 14 ఏళ్ల పిల్ల, మాంగ్ మహర్ల దుఃఖం మీద మరాఠీలో వ్యాసం రాసింది. 'జ్ఞానోదయ' పత్రిక అచ్చేసింది. ఆమెకు గైడు ఇచ్చినవాళ్లు లేరు. తన వాడను చూసి రాసింది. బడికి వెళ్లిన మన పిల్ల తన గురించి తాను చెప్పుకోవడం అప్పుడే మొదలైంది. 170 ఏళ్ల తర్వాత మనం సరస్వతి టీచర్ దగ్గరికి వచ్చామా?

ఇక ఈ పోస్టు చదివి సంతోషించబోయే తెలుగు భాషాభిమానులకు ఒక మాట. "చూశారా, ఇంగ్లిష్ మన మూలాలు మరిపిస్తుంది" అని దీన్ని మోసుకుపోకండి. సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కోసం 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో తెచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, తల్లిభాష కోసం కన్నీళ్లు పెట్టినవాళ్లలో ఎందరి పిల్లలు తెలుగు మీడియంలో ఉన్నారో మాకు తెలుసు. మాకు ఇంగ్లిష్ కావాలి. మొత్తం కావాలి.

పైగా ఈ పని మొదలుపెట్టింది ఇంగ్లిష్ కాదు, తెలుగే. నా సాక్ష్యం నేనే చెప్తా.

అయిదో తరగతిలో 'మా ఉపాధ్యాయుడు' అని వ్యాసం రాయమన్నారు. నేను గైడు చూసి రాశాను. తెల్లని ధోవతి, భుజాన కండువా, చిరునవ్వు, మధ్యలో గురు బ్రహ్మ శ్లోకం. పదికి తొమ్మిది మార్కులు. ఆ వ్యాసం రాసిన నన్ను కూర్చోబెట్టింది చివరి వరుసలో, గోడ పక్కన. నాకు నిజంగా ఎక్కాలు నేర్పింది మా వాడలో పదో తరగతి తప్పిన ఒక అన్న. వీధి దీపం కింద పది మంది పిల్లల్ని కూర్చోబెట్టి, తప్పు చెప్తే కొట్టకుండా మళ్లీ చెప్పించేవాడు. గైడులో ఆ అన్న లేడు. నా వ్యాసంలో లేడు.

సరే, అప్పుడు పదేళ్ల పిల్లాణ్ణి. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాక, సిద్ధాంత గ్రంథం మొదట్లో కృతజ్ఞతల పేజీ రాశాను. ఆచార్యుల పేర్లు, గ్రంథాలయాల పేర్లు, టైపు చేసినవాళ్ల పేర్లు. ఆ అన్న పేరు లేదు. దళిత సాహిత్యం మీద అన్ని పేజీలు రాసినవాణ్ణి, ఆ ఒక్క లైను రాయలేదు. గుర్తు రాక కాదు. అక్కడ రాయదగ్గ పేరు కాదనిపించింది. ఎవరూ చెప్పకుండానే "లెవెల్ తగ్గుతుంది" అని నాకు నేనే అనుకున్నా. ఆ అన్న ఇప్పుడు హైదరాబాద్‌లోనే సెంట్రింగ్ పని చేస్తాడు. కలిసినప్పుడల్లా "డాక్టర్ సాబ్" అని పిలుస్తాడు. నాకు తల ఎత్తబుద్ధి కాదు.

అందుకే ఆ కోచింగ్ సారును ఒక్కణ్ణే తిట్టి ఊరుకోలేను. ఆయన నోట్సు ఇచ్చాడు. దాన్ని నాలో నేను ఎప్పుడో రాసి పెట్టుకున్నా.

విద్యార్థులకు, కార్యకర్తలకు నేను అడిగేది రెండే.

ఒకటి. మీ హాస్టళ్లలో ప్రాక్టీస్ పెట్టండి. ఎవరి మనిషిని వాళ్లనే చెప్పనివ్వండి. మాటలు దొరకవని భయపడకండి. వాడ, గౌరవ వేతనం, కుదువ లాంటి మాటలకు ఇంగ్లిష్‌లో సరిగ్గా ఒక్క ముక్కలో దొరక్కపోతే, విడమరిచి చిన్న వాక్యాల్లో చెప్పండి. విడమరిచి చెప్పగలగడం కూడా అక్కడ మార్కులు వచ్చే నేర్పే. బట్టీ మానితే ముందు నత్తి వస్తుంది. రానివ్వండి. నాలుగు వారాల్లో పోతుంది.

రెండు. మీ సిద్ధాంత గ్రంథాల్లో, మీ ఉపన్యాసాల్లో, సెప్టెంబర్ 5 పోస్టుల్లో ఆ పేరు రాయండి. వంటామె పేరు, బడి ఊడ్చినామె పేరు, పదో తరగతి తప్పిన అన్న పేరు.

ఆ అమ్మాయి ఆదివారమే మళ్లీ మాట్లాడింది. ఈసారి తడబడింది, రెండుచోట్ల వ్యాకరణం తప్పింది. కానీ ఈ నాలుగు వాక్యాలు చెప్పింది: "మై ఆంట్ కుక్‌డ్ ఫర్ అవర్ స్కూల్. సమ్ పేరెంట్స్ సెడ్, మా పిల్లలు ఆమె చేతి అన్నం తినరు. షి కుక్‌డ్ ఫర్ దెమ్ ఆల్సో. ఎవ్రీ డే." మధ్యలో తెలుగు దొర్లిందని నాలుక కరుచుకుంది. నేను మాత్రం తర్వాత ప్రశ్న అడగడం మర్చిపోయాను.

అసలు పరీక్ష నిన్న అయిపోయింది. కార్డు వేరేది వచ్చిందట, నీకు నచ్చిన ఒక చోటు గురించి. "పర్లేదు సార్, మా బడి వంటగది చెప్పిన" అంది. మార్కు ఇంకా రాలేదు.

రాత్రి పెద్దమ్మకు ఫోన్ చేసి ఈ ముచ్చటంతా చెప్పిందట. ఆమె నవ్వి, "గీ వంట ముచ్చట ఇంగ్లిష్‌ల ఎవరికి గావాలె బిడ్డా?" అందట.

"అడిగిన్రు పెద్దమ్మా. అందుకే చెప్పిన."

వచ్చే వారం మెస్ బిల్లులు.

జై భీమ్.