పోటీ వద్దు, పండగ చేద్దాం

మన ఊళ్లలో పిల్లల చేత బొమ్మలు వేయించే కార్యక్రమం ఏదైనా చివరికి పోటీయే అవుతుంది. హాల్లో వరసగా కూర్చోబెట్టి, పర్యావరణమో జాతీయ సమైక్యతో అంశంగా ఇస్తారు. అమ్మానాన్నలు గుమ్మం బయట నిలబడతారు. సాయంత్రానికి ముగ్గురికి బహుమతులు, మరో ఇద్దరికి ప్రోత్సాహకాలు. మిగిలిన పిల్లల్లో చాలామంది తమకు బొమ్మలు రావని ఆ రోజే తీర్మానించుకుంటారు. పెద్దయ్యాక కూడా ఆ తీర్మానం అలాగే ఉండిపోతుంది.

బ్రిటన్‌లో ఏటా అక్టోబరులో జరిగే ‘ది బిగ్ డ్రా’ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. కళా విమర్శకుడు జాన్ రస్కిన్ చనిపోయి నూరేళ్లయిన సందర్భంగా, ఆయన స్థాపించిన గిల్డ్ ఆఫ్ సెయింట్ జార్జ్ 2000లో దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. మ్యూజియాలు, లైబ్రరీలు, బడులు, పార్కుల్లో జనం కూర్చుని బొమ్మలు వేస్తారు. ఒకటో స్థానం, రెండో స్థానం గొడవ ఉండదు. తాత, మనవరాలు ఒకే బల్ల దగ్గర పెన్సిలు పట్టుకుంటారు. రస్కిన్ కోరుకున్నదీ అదే. 1854 నుంచి ఆయన లండన్‌లోని శ్రామికుల కళాశాలలో డ్రాయింగు నేర్పాడు. వడ్రంగిని చిత్రకారుణ్ని చేయాలని ఆయన అనుకోలేదు. కళ్లు తెరిచి చూడటం నేర్పితే ఆ వడ్రంగి తన పనిలోనే ఇంకా సంతోషంగా ఉంటాడని నమ్మాడు.

ఇలాంటి పండగ కట్టడాల కళకు (ఆర్కిటెక్చర్‌కు) సంబంధించిన మ్యూజియంలో జరిగితే దాని విలువ రెట్టింపవుతుందని నా నమ్మకం. పటాన్ని చూసి పటం గీస్తే చెయ్యి తిరుగుతుంది. కట్టడాన్ని గీయాలంటే బుర్ర కూడా పనిచేయాలి. ఈ కమాను దేనిమీద నిలబడింది? వెలుతురు ఎటునుంచి వస్తోంది? గోడ అవతల ఏముంది? పైనుంచి చూస్తే ప్లాను, నిలువునా కోసి చూస్తే సెక్షను అని పదేళ్ల పిల్లకు చెప్పి, ‘మీ ఇంటి ప్లాను గియ్యి’ అనండి. హాలు చిన్న గడి అవుతుంది, అమ్మమ్మ గది పెద్దదవుతుంది, మంచం కింద దాక్కునే చోటుకు ప్రత్యేకంగా ఒక గీత పడుతుంది. అదే కాగితం మీద నాన్న గీసిన ప్లాను వేరేగా ఉంటుంది. ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లు ఆ ఇంటిని ఎంత వేరువేరుగా చూస్తున్నారో ఒకరికొకరు చెప్పుకునే సందర్భం అది.

అలాంటి మ్యూజియం ఒకటి లండన్‌లో ఉంది: లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ 13వ నంబరు ఇంట్లో, ఆర్కిటెక్టు సర్ జాన్ సోన్ పేరుతో. సోన్ ఇటుకలు పేర్చే మేస్త్రీ కొడుకు. 1806లో రాయల్ అకాడమీలో ఆర్కిటెక్చర్ ప్రొఫెసరయ్యాడు. ఫ్రాన్స్‌తో యుద్ధం వల్ల విద్యార్థులు రోము వెళ్లి పాత కట్టడాలు చూడలేకపోయేవారు. అందుకని తన శిష్యుల చేత పాఠాల కోసం వెయ్యికి పైగా పెద్ద పటాలు గీయించాడు. ప్రతి ఉపన్యాసానికి ముందురోజూ మర్నాడూ తన ఇంటి తలుపులు విద్యార్థులకు తెరిచి ఉంచేవాడు. శిష్యుల్ని పని నడుస్తున్న చోటికే పంపి, సగం లేచిన గోడల్ని గీసుకు రమ్మనేవాడు. 1833లో పార్లమెంటు చట్టం ద్వారా ఆ ఇంటిని జాతికి రాసిచ్చాడు. ఈనాటికీ ప్రవేశం ఉచితం. అక్కడ సుమారు 30,000 ఆర్కిటెక్చర్ డ్రాయింగులు ఉన్నాయి. పొద్దున టిఫిను తినే చిన్న గదిలో గొడుగులాంటి గుమ్మటం, దాని మూలల్లో ఉబ్బు అద్దాలు. ఆ అద్దంలో గది మొత్తం, చూసే మనిషితో సహా, బొట్టుబిళ్లంత అయి కనిపిస్తుంది. దాన్ని గీయడానికి కూర్చున్న పిల్లవాడు తనను కూడా గీసుకోక తప్పదు.

సోన్ 45 ఏళ్లు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు ఆర్కిటెక్టుగా ఉండి కట్టిన హాళ్లు ఇప్పుడు లేవు. 1925 నుంచి హెర్బర్ట్ బేకర్ కొత్త భవనం కోసం వాటిని పడగొట్టాడు. మన ఢిల్లీలో నార్త్, సౌత్ బ్లాకులు కట్టింది ఆయనే. సోన్ కట్టినదాంట్లో ప్రధానంగా బయటి గోడ మిగిలింది. లోపల ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఆ డ్రాయింగులే పెద్ద ఆధారం.

సోన్ ఇంటి నుంచి పావుగంట నడిస్తే బ్రిటిష్ మ్యూజియం. అక్కడ మన అమరావతి శిల్పాలున్నాయి. వాటిలో ఒక ఫలకం మీద స్తూపాన్నే చెక్కారు: గుమ్మటం, చుట్టూ ప్రాకారం, వాకిట సింహాలు, వరసగా నిలబెట్టిన అయిదు ఆయక స్తంభాలు. అంటే దాదాపు రెండువేల ఏళ్ల కిందటే మనవాళ్లు తాము కట్టినదాన్ని తామే బొమ్మగా మలిచి పెట్టారు. సర్వేలు చేసే బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ 1798లో, దిబ్బగా మారిన ఆ అమరావతి స్తూపాన్ని చూశాడు. 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చేసరికి దాని నడుమ చెరువు తవ్వేశారు, చాలా రాళ్లు కొత్త కట్టడాల్లోకి వెళ్లిపోయాయి. మిగిలినవాటిని ఓపిగ్గా గీయించాడు. 80కి పైగా ఉన్న ఆ పటాలు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఆ తర్వాత కనిపించకుండా పోయిన రాళ్ల రూపురేఖలు మనకు తెలుస్తున్నాయంటే అది ఆ గీతల చలవే.

ఫోటోలు ఉన్నాయి కదా, ఇంకా గీయడమెందుకని అడగొచ్చు. ఫోటో కట్టడం రూపాన్ని భద్రపరుస్తుంది, నిజమే. తీసిన మనిషి మాత్రం అరక్షణంలో ముందుకు వెళ్లిపోతాడు. వేయిస్తంభాల గుడిలో ఒక్క స్తంభాన్ని అరగంట గీసిన పిల్ల, రాయి ఎక్కడ గుండ్రంగా ఉందో, ఎక్కడ పలకలు తిరిగిందో మరిచిపోదు. రేపు దానిమీద ఎవరైనా మేకు కొడుతుంటే ‘ఆగండి’ అనగలిగేది ఆ పిల్లే. కట్టడాల మీద ప్రేమ ఉపన్యాసాలతో రాదు, అంతసేపు వాటి ఎదుట కూర్చుంటే వస్తుంది.

మనకు తేదీ కూడా సిద్ధంగా ఉంది. ఏటా నవంబరు 19 నుంచి 25 వరకు పురావస్తు శాఖ ప్రపంచ వారసత్వ వారోత్సవం జరుపుతుంది. ఆ వారంలో ఒక్కరోజు చిత్రలేఖన పోటీ పక్కన పెట్టి, కుటుంబాల బొమ్మల పండగ చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల మ్యూజియాలను కోరుతున్నాను. కావాల్సింది చాపలు, అట్టలు, పెన్సిళ్లు. హైదరాబాద్, విజయవాడల్లో ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థులు వచ్చి ప్లాను, సెక్షను అంటే ఏమిటో చూపిస్తారు. షరతు ఒక్కటే: పిల్లను దింపి వెళ్లిపోయే అమ్మానాన్నలకు ప్రవేశం లేదు. వాళ్లూ ఒక చాప మీద కూర్చోవాలి, ఒక కాగితం నింపాలి. వచ్చిన బొమ్మలన్నీ, బాగున్నవీ వంకరపోయినవీ కలిపి, నెలరోజులు ఆ మ్యూజియం గోడకే తగిలించాలి.