నెలనెలా పారితోషికం!

సినిమా నచ్చకపోతే ఇంటర్వెల్లో లేచి వచ్చేస్తాం. వచ్చే నెల కూడా ఆ టిక్కెట్టు డబ్బులు మన జేబులోంచి ఎవరూ లాక్కోరు. యాప్‌లు అలా కాదండోయ్!

మొన్న మా తమ్ముడి షార్ట్ ఫిల్మ్ కోసం ఓ ఎడిటింగ్ యాప్ వేశాను. ‘ఏడు రోజులు ఫ్రీ’ అంది. నచ్చలేదు, పీకి పారేశాను. ఎనిమిదో రోజున బ్యాంకులో డబ్బు కట్! యాప్ తీసేస్తే చందా రద్దవదట. ప్లేస్టోర్‌లో ‘సబ్‌స్క్రిప్షన్స్’ లోకి వెళ్లి విడిగా రద్దు చెయ్యాలట. “రెండో ఆట కూడా చూసెయ్ అన్నయ్యా!” అని వాడు ఒకటే నవ్వు.

అలాగని డబ్బు పెట్టడమే తప్పని అనను. 2015లో వచ్చిన ‘టాంజరిన్’ని షాన్ బేకర్ ఐఫోన్లతోనే తీశాడు. వాడిన యాప్ ‘ఫిల్మిక్ ప్రో’ ఖరీదు అప్పట్లో ఎనిమిది డాలర్లే! ఒక్కసారి కొంటే చాలు. 2022లో అదీ చందా బాట పట్టింది. 2023లో ‘బ్లాక్‌మ్యాజిక్ కెమెరా’ ఉచితంగానే వచ్చేసింది. ఆ బేకరే ‘అనోరా’తో 2025లో ఆస్కార్ ఎత్తుకెళ్లాడు.

అందుకే నా పద్ధతి ఇది. ముందు ఉచిత యాప్‌తో ఒక్క సినిమా పూర్తి చెయ్యండి. ఎక్కడ పని ఆగిందో, అది తీర్చే యాప్‌కే డబ్బివ్వండి. నెల ధరని పన్నెండుతో హెచ్చవేసి, ఎన్ని టిక్కెట్లవుతుందో చూడండి.

ఈ రాత్రే ఆ ‘సబ్‌స్క్రిప్షన్స్’ తెరవండి. మీరు మర్చిపోయిన హీరో ఎవరైనా ఇంకా పారితోషికం పుచ్చుకుంటున్నాడేమో!