పుట్టకముందే గొంతులో కెమెరా

కడుపులోని బిడ్డ ఊపిరి తీసుకోనక్కర్లేదు. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా అందుతుంది. అందుకే స్వరపేటికో, శ్వాసనాళమో పూర్తిగా మూసుకుపోయిన శిశువు కూడా లోపల నెలల తరబడి పెరుగుతుంది. బొడ్డు కోసిన క్షణం నుంచే గండం. చాలా అరుదైన ఈ లోపాన్ని అమెరికా వైద్యులు 1994లో ‘కేయాస్’ అన్నారు.

గండం అంతకన్నా ముందే రావచ్చు. గర్భంలో ఊపిరితిత్తులు ఒక ద్రవాన్ని ఊరిస్తూ ఉంటాయి. అది గొంతు దాటి ఉమ్మనీటిలో కలవాలి. దారి మూసుకుపోతే ఊపిరితిత్తులు ఉబ్బి, వాటి మధ్య గుండె నలిగిపోతుంది. పొట్టలో నీరు చేరి, ఒళ్లంతా వాస్తే బిడ్డ గర్భంలోనే చనిపోవచ్చు. మన దగ్గర ఐదో నెలలో తీసే టిఫా స్కాన్‌లో ఊపిరితిత్తులు పెద్దగా, తెల్లగా కనిపిస్తే వైద్యులకు ముందుగా అనుమానం వచ్చేది దీని మీదే.

ఎక్కువగా నమ్ముకునే మార్గం ‘ఎగ్జిట్’ ప్రసవం. సిజేరియన్‌లో బిడ్డ తల, భుజాలు మాత్రం బయటికి తీసి, మాయ ఇంకా పనిచేస్తుండగానే గొంతులో గొట్టం వేస్తారు. అది కుదరకపోతే మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేస్తారు. అంతసేపూ గర్భాశయం ముడుచుకోకూడదు కాబట్టి తల్లికి లోతైన మత్తు ఇవ్వాలి. రక్తస్రావం ముప్పు ఉంటుంది. ఇంతా చేసి ఈ పద్ధతి అక్కరకొచ్చేది ప్రసవం దాకా నిలిచిన బిడ్డకే. ఆరో నెలలోనే ఒళ్లు వాచిన బిడ్డకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

మరో మార్గం ఫీటోస్కోపీ. దాని వైపు వాదనకు బలం అక్కడే ఉంది. తల్లి పొట్ట మీద చిన్న గాటు పెట్టి, మూడు మిల్లీమీటర్లు దాటని కెమెరాను బిడ్డ నోట్లోంచి గొంతులోకి పంపుతారు. అడ్డు పలుచని పొరా, మందపాటి కండా అన్నది స్కాన్‌లో, ఎంఆర్ఐలో ఒక్కోసారి తేలదు. కెమెరాకు నేరుగా కనిపిస్తుంది. పొరే అయితే లేజర్‌తో చిల్లు చేయవచ్చు. నిలిచిన ద్రవం బయటికి పోయి గుండె మీద ఒత్తిడి తగ్గుతుంది.

అయితే 2006లో జర్మనీకి చెందిన థామస్ కోల్ బృందం ఇలా గొంతు తెరిచిన బిడ్డకు ఫ్రేజర్ సిండ్రోమ్ ఉంది. కళ్లను, మూత్రపిండాలను కూడా దెబ్బతీసే జన్యులోపమది. గొంతుకు దారి చేసినంత మాత్రాన అవి బాగుపడవు.

ఉమ్మనీటి సంచిని గుచ్చడం చిన్న విషయం కాదు. ఎంత పెద్దదో చెప్పే అంకెలు మరో జబ్బు నుంచి వచ్చాయి. డయాఫ్రంలో రంధ్రం వల్ల ఊపిరితిత్తులు ఎదగని శిశువులకు ఇదే దారిన వెళ్లి, శ్వాసనాళాన్ని కావాలనే బెలూన్‌తో మూస్తారు. ద్రవం లోపలే నిలిచి ఊపిరితిత్తులు ఎదుగుతాయి. ఒక బిడ్డకు ప్రాణాంతకమైనదే మరో బిడ్డకు చికిత్స కావడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. 2021లో వెలువడిన టోటల్ అధ్యయనంలో, తీవ్రస్థాయి కేసుల్లో బతికి ఇంటికి వెళ్లిన బిడ్డలు బెలూన్ వేయనివారిలో 15 శాతం ఉంటే, వేసినవారిలో 40 శాతం ఉన్నారు. నెలలు నిండకుండానే ఉమ్మనీరు పోయిన గర్భిణులు కూడా 11 శాతానికి బదులు 47 శాతం ఉన్నారు. కేయాస్‌కు ఈ లెక్కలు అచ్చంగా వర్తించవు. కానీ ఆ గుమ్మం దాటడానికి ఎంత మూల్యం చెల్లించాలో ఇవి చెబుతాయి.

కేయాస్‌లో ఇలాంటి పోలిక అధ్యయనం చేయడానికి సరిపడా కేసులే లేవు. ఉన్నవన్నీ విడివిడి కేసుల కథనాలు. వాటిలో ఫలించినవే ఎక్కువగా అచ్చవుతాయి. బతికిన బిడ్డల్లో చాలామందికి మెడలో ట్రకియాస్టమీ గొట్టం ఏళ్లపాటు అవసరమవుతుంది. మాట రావడం కష్టం.

నా అభిప్రాయంలో, ఒళ్లు వాపు లేని బిడ్డ గొంతులోకి చూడటం కోసమని మాత్రమే కెమెరా పంపకూడదు. స్కాన్‌లతో కనిపెట్టుకుని ఉండి, ఎగ్జిట్‌కు సిద్ధం కావాలి. వాపు పెరుగుతూ, ఇతర అవయవాలు, జన్యుపరీక్ష బాగుండి, అడ్డు పలుచగా ఉందన్న ఆధారం ఉంటే వెనకాడకూడదు. కత్తి పడేది ఏ జబ్బూ లేని తల్లి ఒంటి మీద. కాబట్టి ఇలాంటి కబురు విన్న దంపతులు ఆ ఆసుపత్రిని రెండు ప్రశ్నలు తప్పక అడగాలి: ఈ పని మీ చేతుల మీదుగా ఎన్నిసార్లు జరిగింది? వద్దనుకుంటే మా ముందున్న దారులేమిటి?