మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

వంగతోటలో చుక్కల పురుగు కనిపిస్తే చాలు, స్ప్రేయర్ భుజానికెక్కుతోంది. ఆగండి. అది మీ పంటను తినేదో, పంటను పీల్చే పేనుబంకను తినేదో తేలకుండా మందు కొట్టొద్దు. రెండూ ఒకే కుటుంబానివి, రెండింటినీ అక్షింతల పురుగులనే అంటాం. ఫోన్‌లో ఫొటో తీసి దుకాణంలో చూపిస్తే సరిపోదు. ఫొటోలో చుక్కలు పడతాయి, అసలు గుర్తు పడదు.

అసలు గుర్తు వీపు మీది మెరుపు. మిత్రపురుగు వీపు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. వంగను తినే ఎపిలాక్నా వీపు మసకగా ఉంటుంది; వెలుతురులో ఏటవాలుగా చూస్తే సన్నని నూగు కనిపిస్తుంది. చుక్కల లెక్కను మాత్రం నమ్ముకోకండి. ఎపిలాక్నాలో 28 చుక్కల రకమూ ఉంది, 12 చుక్కల రకమూ ఉంది. మన పొలాల్లో తరచూ కనిపించే ఒక మిత్రపురుగుకు వీపున వంకర టింకర నల్ల గీతలుంటాయి. అప్పుడే గూడు విడిచిన మిత్రపురుగుకైతే కాసేపు చుక్కలే ఉండవు.

పిల్లపురుగులను చూస్తే అనుమానం తీరిపోతుంది. ఎపిలాక్నా పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా చీలికల ముళ్లతో, మందకొడిగా ఆకును గీకుతుంది. ఈనెలు మిగిలి పత్రహరితం పోతుంది. మిత్రపురుగు పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో చురుగ్గా పరుగెత్తుతుంది. చూడగానే భయపెట్టేది ఈ మేలు చేసేదే! పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ పిల్ల మరీ చిత్రం, తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. డబ్బు పెట్టి తెచ్చి వదిలిన రైతే దాన్ని పిండినల్లి అనుకుని చంపుకునే ప్రమాదముంది.

గుడ్లను బట్టి తేల్చబోకండి. రెండింటివీ పసుపు రంగులో గుత్తులుగానే ఉంటాయి.

తప్పు జరిగితే నష్టం వెంటనే కనపడదు. పేనుబంక మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది, రోజుల్లో తిరిగి పుంజుకుంటుంది. మిత్రపురుగు తరం ఎదగడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో పేనుబంకదే రాజ్యం, మీకు మరో విడత మందు ఖర్చు.

ఎపిలాక్నాయే అని తేలితే పెద్ద పురుగులను కిరోసిన్ కలిపిన నీళ్లలోకి దులపండి, పిల్లలున్న ఆకులు తుంచి నాశనం చేయండి. ఉధృతి పెరిగితే 5 శాతం వేపగింజల కషాయం కొట్టండి. అనుమానం తీరకపోతే పురుగును ఆకుతో సహా సీసాలో వేసి వ్యవసాయాధికారికో, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో చూపించండి. అది తేలేదాకా మందు కలపకండి.