స్కోరు ఎంపికలో విచక్షణ

ఇంజనీరింగు ప్రవేశాల కోసం జె.ఇ.ఇ. మెయిన్ రాసే విద్యార్థికి తన స్కోర్లలో దేనిని చూపాలి అన్న సందేహం కలుగదు. 2019 నుండి ఆ పరీక్షను ఏడాదిలో ఒకటికంటె ఎక్కువ పర్యాయాలు నిర్వహిస్తున్నా, మేలైన స్కోరును పరీక్షాసంస్థయే ర్యాంకుకు గ్రహిస్తుంది. అమెరికాలో డిగ్రీ చదువదలచిన విద్యార్థి స్థితి వేరు. ఏ స్కోరు పంపాలి, అసలు పంపాలా వద్దా అన్న నిర్ణయం అక్కడ అనేక కళాశాలల విషయంలో విద్యార్థిదే. స్వేచ్ఛగా కనబడే ఈ నిర్ణయం వెనుక పెద్ద బాధ్యత ఉంది.

అమెరికాలో శాట్ పరీక్ష 1926లో, యాక్ట్ పరీక్ష 1959లో మొదలయ్యాయి. శాట్ గరిష్ఠ స్కోరు 1600, యాక్ట్ గరిష్ఠ స్కోరు 36. స్కోరు పంపడం విద్యార్థి ఇష్టమని బౌడన్ కళాశాల 1969లోనే ప్రకటించింది. 2020లో కోవిడ్ వల్ల పరీక్షాకేంద్రాలు మూతపడగా అత్యధిక కళాశాలలు అదే మార్గం పట్టాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2021లో ప్రవేశాలకు ఈ స్కోర్లను పరిగణించడమే మానుకొన్నది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2022లోను, డార్ట్‌మత్ కళాశాల 2024లోను తిరిగి స్కోరు తప్పనిసరి అన్నాయి. ఇట్లు ఒక్కొక్క విద్యాసంస్థది ఒక్కొక్క నియమం.

కనుక విద్యార్థి మొదటి కర్తవ్యం ఆ నియమాన్ని శ్రద్ధగా చదవడం. కొన్ని సంస్థలు అన్ని స్కోర్లనూ కోరుతాయి. అక్కడ ఒకదానిని దాచడం అసత్యమే అవుతుంది. కొన్ని సంస్థలు విభాగాల వారీగా మేలైన వాటిని కలిపి చూస్తాయి. దీనిని సూపర్ స్కోరు అంటారు. ఒక విద్యార్థికి మొదటి పర్యాయం గణితంలో 740, పఠన లేఖనాలలో 620 వచ్చాయనుకొందాం. మొత్తం 1360. రెండవ పర్యాయం 700, 680 వచ్చాయి. మొత్తం 1380. ఎక్కువ వచ్చిందని రెండవది మాత్రమే పంపితే 1380 దగ్గరే ఆగిపోతాడు. రెండూ పంపితే 740, 680 కలిసి 1420 అవుతుంది. నియమం తెలియకపోవడం వల్ల కలిగే నష్టం ఇట్టిది.

స్కోరు పంపడం ఐచ్ఛికమైన చోట ఇంకొక చిక్కు ఉంది. చేరిన విద్యార్థులలో మధ్యస్థమైన సగంమంది స్కోర్లు ఏ అంకెల నడుమ ఉన్నవో అనేక కళాశాలలు ప్రకటిస్తాయి. తన స్కోరు ఆ పరిధికి లోబడి గాని, మించి గాని ఉంటే పంపడం, తక్కువైతే మానడం సామాన్య సూత్రం. ఈ సూత్రాన్ని గుడ్డిగా అనుసరించరాదు. సౌకర్యాలు లేని నేపథ్యం నుండి వచ్చిన కొందరు, తమకు మేలు చేయగల స్కోర్లను సైతం తక్కువనుకొని పంపలేదని డార్ట్‌మత్ పరిశీలనలో తేలింది. శిక్షణ పుష్కలంగా దొరికే పాఠశాలలో వచ్చిన 1400కు, అవేమీ లేని చోట వచ్చిన 1400కు విలువ ఒక్కటి కాదు. తన పరిసరాలతో పోల్చి చూసుకొన్నప్పుడే స్కోరు అసలు విలువ తెలుస్తుంది.

పరీక్షలే ధనికులకు అనుకూలమని కొందరి వాదం. అందులో సత్యం లేకపోలేదు. శిక్షణకు, మరల మరల పరీక్ష రాయడానికి డబ్బు కావాలి. అయితే స్కోరును తొలగించినంత మాత్రాన సమత్వం సిద్ధించదు. దరఖాస్తులోని వ్యాసాలను దిద్దించుకోవడానికి, పాఠ్యేతర కార్యక్రమాలలో రాణించడానికి కూడ స్తోమత అవసరమే. ఎంపికను విద్యార్థికి వదలినప్పుడు సలహాదారు ఉన్నవాడు లాభపడతాడు, లేనివాడు సంకోచించి నష్టపోతాడు. అందుచేత స్కోరును ఏ విధంగా పరిశీలిస్తారో, పంపకపోతే ఏమని భావిస్తారో కళాశాలలే స్పష్టంగా చెప్పాలి. నిర్ణయభారమంతా పదిహేడేళ్ల విద్యార్థిపై మోపడం న్యాయం కాదు.

నియమం అనుమతించినప్పుడు మేలైన స్కోరును ఎంచి పంపడం మోసం కాదు. కవి తన రచనలలో ఉత్తమమైన వాటిని ఏర్చి సంపుటిగా వెలువరిస్తే ఎవరూ తప్పు పట్టరు. ఆలంకారికులు కావ్యానికి ఔచిత్యం ప్రాణమన్నారు. ఏది ఎక్కడ తగునో ఎరుగడమే ఔచిత్యం. విదేశీ విద్యను ఆశించే తెలుగు విద్యార్థులకు సైతం ఇది అవసరం. ఇరుగుపొరుగు మాటలను, ఏజెంట్ల సలహాలను నమ్మి కాక, ప్రతి కళాశాల నియమాన్ని స్వయంగా చదివి, తన స్థితిని నిజాయితీగా బేరీజు వేసుకొని నిర్ణయించుకోవాలి.