పులుసు మరిగాకే చేప ముక్క

డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఫోన్‌ తెరిస్తే చాలు, '45 రోజుల్లో ఫుల్‌స్టాక్‌', '3 నెలల్లో డేటా సైన్స్‌, జాబ్‌ గ్యారంటీ' అంటూ ప్రకటనలు. బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో ఉన్న నాన్న అప్పు చేసైనా ఫీజు కడతానంటారు. ఆ డబ్బు పంపమనే ముందు ఒక్కసారి మీ వంటింట్లోకి వెళ్లి రండి.

దివిసీమలో చేపల పులుసు ఎలా పెడతారో చూసే ఉంటారు. ఉల్లిపాయలు మగ్గాలి. చింతపండు పులుసు పచ్చివాసన పోయేదాకా మరగాలి, చిక్కబడాలి. చేప ముక్కలు వేసేది ఆఖర్న. ఇక గరిటె పెట్టరు, దాక పట్టుకుని తిప్పుతారంతే. పది, పదిహేను నిమిషాల్లో దించేస్తారు.

17వ శతాబ్దం మొదట్లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న డచ్చివాళ్లకీ ఓ పులుపు కూర ఉంది. పేరు హషే. గొడ్డుమాంసం, బోలెడు ఉల్లిపాయలు, లవంగాలు, బిరియానీ ఆకు, చింతపండు బదులు వెనిగర్‌ వేసి సన్నసెగ మీద రెండు మూడు గంటలు ఉడికిస్తారు. అందులోని లవంగానికీ మనకూ చుట్టరికం ఉంది. డచ్చి కంపెనీ కోరమాండల్‌ తీరంలో నేసిన బట్టలు కొని, ఇండోనేషియా దీవులకు తీసుకెళ్లి, వాటితోనే లవంగాలు, జాజికాయ సంపాదించేది.

మాంసానికి అన్ని గంటలెందుకు? గట్టి ముక్కలో కొలాజెన్‌ ఎక్కువ. 70 డిగ్రీలు దాటాక అది నెమ్మదిగా జెలటిన్‌గా మారి ముక్కను మెత్తబరుస్తుంది, రసాన్ని చిక్కబరుస్తుంది. చేపలో కొలాజెన్‌ తక్కువ, కొద్ది వేడికే కరిగిపోతుంది. గంటసేపు ఉడికిస్తే ముక్క మిగలదు. అందుకే అక్కడ టైమ్‌ మాంసానికి పెడతారు, ఇక్కడ పులుసుకు పెడతారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తొందరపడాలో తెలియడమే వంట.

కుక్కర్‌లో పెట్టేస్తే పోలా అంటారా? దాని తాతలాంటి పాత్రను ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్‌ పాపిన్‌ 1679లోనే చేశాడు. కుక్కర్‌ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి మాంసం త్వరగా ఉడుకుతుంది. కానీ మూత బిగిసి ఉండటంతో నీళ్లు పెద్దగా ఆవిరవ్వవు. మూత తీశాక రసం పల్చగానే ఉంటుంది. మళ్లీ మరిగించాల్సిందే.

క్రాష్‌ కోర్సూ అంతే. ఇంజినీరింగ్‌ అయ్యాక నేను రెజ్యూమెలో 11 స్కిల్స్‌ రాశాను. మొదటి ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే: 'ఈ క్వెరీ ఎందుకు స్లోగా నడుస్తోంది?' ఇండెక్స్‌ అంటే ఏంటో చెప్పలేకపోయాను. టూల్‌ వాడటం వచ్చు, లోపల ఏం జరుగుతుందో తెలీదు. తప్పు నాదే. ఆ తర్వాత ఆర్నెల్లు ఎస్‌క్యూఎల్‌, డేటా స్ట్రక్చర్స్‌, నెట్‌వర్క్స్‌ తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. నేర్చుకున్నది ఏ రోజుకారోజు నా మాటల్లో రాసుకున్నాను. అప్పట్నుంచి కొత్త ఫ్రేమ్‌వర్క్‌ ఏదొచ్చినా నాకు రెండు వారాల పనే.

'ఇంట్లో పరిస్థితి అంతకాలం ఆగనివ్వదు' అంటారని తెలుసు. నిజమే. సన్నసెగ మీద కూర ఉడుకుతుంటే అమ్మ పక్కనే కూర్చుని ఉండదు కదా, వేరే పనులు చూసుకుంటుంది. దొరికిన చిన్న ఉద్యోగంలో చేరండి, రోజుకు రెండు గంటలు మాత్రం బేసిక్స్‌కి తీసి పెట్టండి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్‌ పరీక్షకే ఫీజు.

డబ్బు కట్టాలనే అనుకుంటే ముందు రెండు ప్రశ్నలు వేయండి. ఈ టూల్‌ పాతబడ్డాక కూడా పనికొచ్చేది ఇందులో ఏముంది? జాబ్‌ రాకపోతే ఫీజు వెనక్కి ఇస్తామని కాగితం మీద రాసిస్తారా? జవాబు నసిగితే బయటికొచ్చేయండి. అది మీ నాన్న చెమట.

కొత్త టూల్‌ చేప ముక్కలాంటిది. పులుసు సిద్ధంగా ఉంటే అది ఎప్పుడొచ్చినా పది నిమిషాల్లో ఉడుకుతుంది. ముందు పొయ్యి వెలిగించండి.